మూడు నోడ్లలో ఒక్కటే ఆపినా రైట్‌లు (డేటా రాయడం) ఎందుకు నిలిచిపోతాయి?

మూడు నోడ్ల మోంగోడీబీ రెప్లికా సెట్‌లో (ఒకే డేటాబేస్ కాపీలను ఉంచుకునే మెషీన్ల గుంపు) మెమరీ క్యాష్ పరిమాణం పెంచడానికి నోడ్లను వంతులవారీగా రీస్టార్ట్ చేశామనీ, ఒకసారికి ఒకటే ఆపినా అప్లికేషన్ కొన్ని నిమిషాలు స్తంభించిందనీ, పైగా త్వరలో ఒక పాత మెషీన్ స్థానంలో కొత్తది పెట్టాల్సి ఉందనీ రాశారు. ఈ అవస్థ నేనూ పడ్డాను కాబట్టి, నాకు జరిగింది చెబితే మీ లాగ్‌లలో ఏం వెతకాలో తెలుస్తుంది.

ప్రైమరీని (నోడ్ల మెజారిటీ ఓట్లతో ఎన్నికై, రైట్‌లు తీసుకునే నోడ్) చివరికి అట్టిపెట్టి, ముందు ఒక సెకండరీని (ప్రైమరీ మార్పులను కాపీ చేసుకునే నోడ్) ఆపి డిస్క్ మార్చాను. దానికి 40 నిమిషాలు పట్టింది. అది లేవగానే నేను రాసుకున్న స్క్రిప్ట్ మోంగోడీబీ వాడే 27017 పోర్ట్ తెరుచుకుందో లేదో చూసి, తెరుచుకుందని తేలగానే రెండో సెకండరీని ఆపేసింది. మానిటరింగ్ తెర మీద చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు: మూడింటిలో రెండు నోడ్లు బతికే ఉన్నాయి, ప్రైమరీ మారలేదు, రీడ్‌లు వస్తూనే ఉన్నాయి. రైట్‌లు మాత్రం ఒక్కటీ పూర్తి కావడం లేదు. నెట్‌వర్క్ మీద అనుమానపడి పావుగంట వృథా చేశాక అసలు సంగతి తెలిసింది. మేము వాడుతున్న రైట్ కన్సర్న్ ‘మెజారిటీ’ (5.0 వెర్షన్ నుంచి మామూలుగా డిఫాల్ట్ కూడా అదే), అంటే ప్రైమరీ రాసుకున్నాక మరొక నోడ్ కూడా ఆ మార్పు తనకు అందిందని చెప్పేదాకా క్లయింట్‌కు జవాబు వెళ్లదు. ఆ మరొక నోడేమో తాను లేని 40 నిమిషాల ఆప్‌లాగ్‌ను (మార్పుల చిట్టా) మొదటి నుంచి వరుసగా తెచ్చుకుని అమలు చేసుకుంటోంది. ఓటు లెక్కకు అది పనికొచ్చింది గానీ, అప్పటికప్పుడు జరుగుతున్న రైట్‌కు సాక్ష్యం చెప్పడానికి పనికిరాలేదు. ఆపిన సెకండరీని తిరిగి లేపితే, అది వెనకబడింది కొద్ది నిమిషాలే కనుక చప్పున అందుకుంది. నిలిచిన రైట్‌లన్నీ ఒక్కసారిగా కదిలాయి.

అప్పటి నుంచి నా స్క్రిప్ట్ పోర్ట్‌ను నమ్మదు, ‘సెకండరీ’ అని కనిపించే స్థితినీ నమ్మదు. ప్రైమరీ ఆప్‌టైమ్‌కూ (చివరగా అమలైన మార్పు సమయం), కొత్తగా లేచిన నోడ్ ఆప్‌టైమ్‌కూ మధ్య తేడా రెండు సెకన్ల లోపుకు వచ్చి, ఒక నిమిషం పాటు అక్కడే నిలిస్తేనే తర్వాతి నోడ్ జోలికి వెళుతుంది. మీకు రైట్‌లు ఆగిన సమయంలోనూ ఈ తేడా ఎంత ఉందో చూడండి. నా ఊహ అక్కడే ఉంది. నోడ్ ఎంతసేపు ఆగి ఉండవచ్చో కూడా ముందే లెక్క వేసుకోవాలి: ఆప్‌లాగ్‌లో ఆరు గంటల చరిత్రే పడుతుంటే, ఏడో గంటలో లేచిన నోడ్ మొత్తం డేటాను మొదటి నుంచి కాపీ చేసుకోక తప్పదు. 4.4 నుంచి ఆప్‌లాగ్‌ను కనీసం ఇన్ని గంటలు ఉంచాలని చెప్పే వీలుంది.

ప్రైమరీ వంతు వచ్చినప్పుడు దాన్ని ఉన్నపళంగా చంపకుండా, స్టెప్‌డౌన్ ఆదేశంతో దింపండి. ఉన్నపళంగా పోతే మిగతావి డిఫాల్ట్‌గా 10 సెకన్లు చూశాక గానీ ఎన్నిక మొదలుపెట్టవు. 4.2 కాలం నాటి డ్రైవర్ల (అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీలు) నుంచి రైట్‌ను మరొక్కసారి ప్రయత్నించే సదుపాయం డిఫాల్ట్‌గా ఉంది గానీ, ఒకే ఆదేశంతో అనేక డాక్యుమెంట్లను మార్చే అప్‌డేట్‌లకు అది వర్తించదు. వాటిని మీ కోడ్‌లోనే చూసుకోవాలి.

ఇక మెషీన్ మార్పు. పాతది ఇంకా పనిచేస్తూ ఉంటే, కొత్తదాన్ని ఓటు సున్నా, ప్రయారిటీ (ప్రైమరీ అయ్యే అర్హత) సున్నాగా చేర్చి, డేటా పూర్తిగా అందుకున్నాక ఓటు ఇచ్చి, ఆ తర్వాతే పాతదాన్ని తీయండి. పాతదాన్ని ముందు తీస్తే ఓటర్లు ఇద్దరే మిగులుతారు, ఏ ఒక్కటి ఆగినా మెజారిటీ పోతుంది. నాలుగు ఓట్లు ఉన్న కాసేపట్లో ఒకటి ఆగినా మిగిలిన మూడింటితో పని సాగుతుంది. 4.4 నుంచి ఒక రీకాన్ఫిగ్‌లో (సెట్ సభ్యుల జాబితాను మార్చే ఆదేశం) ఒక్క ఓటరునే చేర్చనిస్తారు, లేదా తీయనిస్తారు. ఇది చాదస్తం కాదు. మూడు నుంచి ఒకేసారి ఐదుకు పోతే, మార్పు ఇంకా తెలియని పాత రెండు నోడ్లు ‘మూడింటిలో రెండు మావి’ అని ఒక ప్రైమరీని, మిగిలిన పాతదీ కొత్త రెండూ కలిసి ‘ఐదింటిలో మూడు మావి’ అని మరొక ప్రైమరీని ఎన్నుకోగలవు.

పాత మెషీన్ అప్పటికే చచ్చిపోయి ఉంటే మాత్రం వరుస తిరగబడుతుంది. దాన్ని ముందు జాబితాలోంచి తీసేయాలి. తీయకుండా కొత్త ఓటరును చేర్చితే నాలుగింటిలో మూడు కావాలి, బతికున్నవి రెండే. కొత్తదాని అడ్రస్‌లో ఒక్క అక్షరం తప్పినా మెజారిటీ పోయి, ఆ తప్పును సరిదిద్దే మామూలు దారి కూడా మూసుకుపోతుంది. ఈటీసీడీ (ఇలాగే నోడ్ల మెజారిటీతో నడిచే మరో డేటాబేస్) వాడేవారు ఇలా ఇరుక్కోకుండా ఉండేందుకే 3.4లో ఓటు లేని ‘లెర్నర్’ వచ్చింది. మోంగోడీబీ కూడా 5.0 నుంచి కొత్త నోడ్ సెకండరీ స్థితికి చేరేదాకా దాని ఓటును లెక్కలోకి తీసుకోదు. ఇరుక్కుంటే బలవంతపు రీకాన్ఫిగ్ ఒకటి ఉంటుంది గానీ, దానివల్ల అప్పటికే ఖరారైన రైట్‌లు కూడా వెనక్కి పోవచ్చు కనుక, ఆ పని చేసేముందు బతికున్న నోడ్ల డేటాను కాపీ తీసి పక్కన పెట్టుకోండి.