టెక్ సందేహాలు: మొదటి పాటకు ముందు వినిపించేది లోపం కాదు

ప్రశ్న: అమెరికన్ రాక్ బృందం పెర్ల్ జామ్ తొలి ఆల్బమ్ ‘టెన్’ సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. పేరు టెన్, వచ్చిన పాటలు 11. మొదటి పాటకు ముందు ఏదో మసక శబ్దం ఉంది. చివరి పాట 9 నిమిషాలు దాటింది. సీడీ పాడైందా, సాఫ్ట్‌వేర్ తప్పా?

జవాబు: రెండూ కాదు. 1991 ఆగస్టులో వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఉన్నవే 11 పాటలు. పేరులోని పది బాస్కెట్‌బాల్ ఆటగాడు మూకీ బ్లేలాక్ జెర్సీ మీది అంకె. ఈ సియాటిల్ బృందం మొదట్లో ఆయన పేరునే తన పేరుగా పెట్టుకుంది. ఇక ఆ మసక శబ్దం ఒక వాద్య సంగీతం. పాటల జాబితాలో కనిపించదు కానీ, ఆల్బమ్ దానితోనే మొదలై దానితోనే ముగుస్తుంది. చివరి పాట అంత పొడవు ఉండడానికి కారణం అదే. దయచేసి కత్తిరించకండి. ఇలా ‘శుభ్రం’ చేశాక, పోయిన భాగం తిరిగి ఎలా వస్తుందని అడిగేవారు తక్కువేమీ లేరు.

ప్లేయర్‌లో నిశ్శబ్దాన్ని దాటవేసే సదుపాయమూ, ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడూ ఆపేయండి. శబ్ద స్థాయిని సమం చేసే అమరికను పాటల వారీగా కాకుండా ఆల్బమ్ మొత్తానికి పెట్టండి. లేకపోతే నెమ్మదైన పాటను పైకి లాగి, హోరెత్తే పాటను కిందికి నొక్కి, అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తుంది. ఎవరూ అడగకుండానే ఇలాంటివన్నీ ఆన్ చేసి ఇచ్చే యాప్ రూపకర్తలు ఒక ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా ఎప్పుడైనా విన్నారా అని నాకు అనుమానం. ఫైళ్లను ఎంపీ3గా కాక, ధ్వనిలో ఏదీ పోకుండా కుదించే ఫ్లాక్‌గా దాచుకోండి. ఎంపీ3 శబ్దాన్ని 1152 నమూనాల ముక్కలుగా కోసి, మొదట్లోనూ చివర్లోనూ కాస్త ఖాళీని చేరుస్తుంది. ఆ ఖాళీని తీసేయడం తెలియని ప్లేయర్లు ఇంకా ఉన్నాయి.

ప్రశ్న: అదే ఆల్బమ్ ఫైళ్లను క్లౌడ్‌లో పెట్టాను. ఫోనులో వింటుంటే గొంతు దగ్గరగా, గిటార్లు పొడిగా వినిపిస్తున్నాయి. హెడ్‌ఫోన్ మార్చాలా?

జవాబు: హెడ్‌ఫోన్ అమాయకురాలు. మీరు వింటున్నది బహుశా వేరే మిక్స్, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాద్యాలనూ వేరే పాళ్లలో కలిపిన రూపం. 1991 నాటి మిక్స్ ఇంగ్లండ్‌లో టిమ్ పామర్ చేసినది. అందులో రీవెర్బ్, అంటే పెద్ద హాలులో మోగినట్టుండే ప్రతిధ్వని, దండిగా ఉంటుంది. ఆ ధ్వని బృందానికే తర్వాత నచ్చలేదు. 2009లో బ్రెండన్ ఓబ్రయన్ రీవెర్బ్ తగ్గించి, మళ్లీ మిక్స్ చేసిన రూపం విడుదలైంది. మీరు పెట్టిన ఫైలును తన దగ్గరున్న పాటతో పోల్చి, ‘రెండూ ఒకటే’ అని తీర్మానించి తన దాన్నే వినిపించే క్లౌడ్ సేవలు ఉన్నాయి. సొంత ఫైలును ఇంత తేలిగ్గా మార్చేసే పద్ధతిని నేను సదుపాయం అనను. పోల్చే అమరికను ఆపండి, ఆల్బమ్ పేరులోనే 1991 అని రాసుకోండి, అసలు ఫైళ్ల ప్రతిని ఏ క్లౌడ్‌కూ తగిలించని డిస్క్‌లో ఉంచండి.

ప్రశ్న: 1991 మిక్స్ 24 బిట్ ఫైళ్లు అంటూ ఒక లింకు దొరికింది. జిప్‌కు పాస్‌వర్డ్ ఇచ్చారు. తెరిస్తే, పాట వినాలంటే కోడెక్ ఇన్‌స్టాల్ చేయమంటోంది. చేయవచ్చా?

జవాబు: వద్దు. ఈ వారం నన్ను భయపెట్టిన ఉత్తరం ఇదే. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేది మీ భద్రత కోసం కాదు, యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా ఉండడానికి. ఫ్లాక్ వినడానికి ఇప్పటి ఫోన్లకూ విండోస్ 10కూ విడిగా కోడెక్ (ఫైలును విప్పి వినిపించే ప్రోగ్రామ్) అక్కరలేదు. పైగా విండోస్ ఫైలు పేరులో చివరి భాగాన్ని మామూలుగా దాచేస్తుంది కాబట్టి, ‘.ఫ్లాక్.ఈఎక్స్‌ఈ’ అని ఉన్నది నిజానికి ప్రోగ్రామ్ అయినా మీకు పాటలాగే కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఈ దాపరికాన్ని మార్చని వారిని ఏమనాలి?

ఇలాంటి ప్రోగ్రామ్ పాస్‌వర్డ్‌లతో సరిపెట్టుకోదు. మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లకు చెప్పే, బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలను కూడా ఎత్తుకెళ్తుంది. ఆ కుకీ చేతిలో ఉంటే మీ ఈమెయిల్ తెరవడానికి పాస్‌వర్డ్ అడగకపోవచ్చు, ఓటీపీ కూడా అడగకపోవచ్చు. ‘రెండంచెల భద్రత పెట్టుకున్నాను, నాకేం కాదు’ అనేవారు ఈ వాక్యాన్ని మళ్లీ చదవండి. మీరు ఇప్పటికే ఇన్‌స్టాల్ నొక్కి ఉంటే, ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి వేరు చేయండి. మరో పరికరం నుంచి ముందుగా ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని లాగిన్లనూ రద్దు చేయండి. ఆ పైన ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా వేయండి. ఒక్కసారి స్కాన్ చేసి ఏమీ దొరకలేదని ఊరుకోవద్దు.

అసలు సీడీలు కొన్నవారు కూడా ఒకప్పుడు క్షేమంగా లేరు. కాపీ చేయకుండా ఆపాలని 2005లో ఒక పెద్ద రికార్డు సంస్థ తన సీడీల్లో పెట్టిన ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో రహస్యంగా దాక్కునేది. డబ్బు పెట్టి కొన్నవారినే దొంగల్లా చూసింది. ఆ మరుగును కొన్ని వైరస్‌లూ వాడుకున్నాయి. గొడవ ముదిరాక ఆ సీడీలను వెనక్కి తీసుకున్నారు.

అన్నట్టు, 24 బిట్ అన్న ముద్ర చూసి మురిసిపోకండి. సీడీలో ఉండేది 16 బిట్లే. దాన్ని 24కు సాగదీస్తే ఫైలు లావవుతుంది, ధ్వని కాదు. మీకు కావలసింది 1991 మిక్స్ అయితే పాత సీడీ వెతకండి. 2009 విడుదలలోనూ కొత్త మిక్స్‌తో పాటు పాతది ఉంది. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీకి తగిలించేది సరిపోతుంది.