ప్రశ్నలు – జవాబులు: గోళం ఒప్పుకోనిది, గోళంలాంటిది ఒప్పుకుంటుంది

ప్రశ్న: మూడు వస్తువుల ప్రస్తారాల సమూహం ఎస్₃కి ఏ గోళం మీదా స్వేచ్ఛా చర్య (తత్సమకం తప్ప ప్రతి మూలకమూ ప్రతి బిందువునూ కదిపే చర్య) లేదని ఒకచోట చదివాను. మూడు కొలతల గోళానికి హోమోటోపీ తుల్యమైన (సాగదీత, కుదింపుల దృష్టిలో దానితో సమానమైన) పరిమిత కాంప్లెక్స్ (పరిమిత సంఖ్యలో సెల్స్ అతికించి కట్టిన ఆకారం) మీద ఉందని మరోచోట చదివాను. ఏది నిజం? దాన్ని చేత్తో కట్టి చూడొచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థి

జవాబు: రెండూ నిజమే. మొదటిది మిల్నర్ (1957), రెండోది స్వాన్ (1960) నిరూపించారు.

మిల్నర్ వాదన చిన్నదే. గోళం మీద స్థిరబిందువు లేని ఇన్వల్యూషన్ (రెండుసార్లు ప్రయోగిస్తే మొదటికే వచ్చేది) ఒకటి, బేసి డిగ్రీ ఉన్న ప్రమేయం ఒకటి తీసుకుంటే, ఆ రెంటినీ ఏ వరసలో ప్రయోగించినా ఒకే ఫలితమిచ్చే బిందువు ఎక్కడో ఒకటి ఉండి తీరుతుంది. రెండో ఇన్వల్యూషన్‌నే ఆ ప్రమేయంగా పెట్టండి. అప్పుడు వాటి కమ్యుటేటర్‌కు (రెండూ అ, బ అయితే అబఅ⁻¹బ⁻¹కు) స్థిరబిందువు దొరుకుతుంది. చర్య స్వేచ్ఛగా ఉంది కనుక ఆ కమ్యుటేటర్ తత్సమకమే, అంటే రెండూ వినిమయం కావాలి. ఎస్₃లోని మూడు మార్పిడుల్లో ఏ రెండూ వినిమయం కావు. ఈ వాదనకు మానిఫోల్డ్ (ప్రతి బిందువు చుట్టూ మామూలు యూక్లిడ్ స్థలంలా ఉండే ఆకారం) కావాలి, ఉత్త కాంప్లెక్స్ చాలదు. స్వాన్‌కు దొరికిన సందు అదే.

ఇక కట్టడం. మ ఒక మార్పిడి, చ మూడింటి చక్రం. మ² = 1, మచమ⁻¹ = చ² అనే రెండు సంబంధాలు చాలు. రెండోదాన్ని రెండుసార్లు వాడితే చ = చ⁴, అంటే చ³ = 1 దానంతటదే వస్తుంది. చాలామంది చ³ = 1ని మూడో సంబంధంగా చేర్చి లెక్క చెడగొట్టుకుంటారు. సెల్ కక్ష్యలు (సమూహం ఒకదాన్నుంచి మరోదానికి జరిపే సెల్స్ గుంపులు) కొలతల వారీగా 1, 2, 2, 1. ఒక్కో కక్ష్యలో ఆరు సెల్స్.

ఫాక్స్ అవకలనంతో (సంబంధాల నుంచి సెల్స్ అంచులు లెక్కగట్టే పద్ధతితో) మొదటి 2-సెల్ అంచు (1+మ, 0), రెండోదాని అంచు (1−చ², మ−చ−1). 1-సెల్స్ అంచులు మ−1, చ−1. సరిచూడండి: (1−చ²)(మ−1) + (మ−చ−1)(చ−1) విప్పితే మచ − చ²మ మిగులుతుంది, అది సున్నా. గుణకారం వరస తారుమారు చేస్తే చమ − మచ² మిగులుతుంది, ఇక్కడ అదీ సున్నాయే.

రెండో కొలత దాకా ఆయిలర్ సంఖ్య 6−12+12 = 6. కాబట్టి రెండో హోమాలజీ ర్యాంకు 5. అది సమూహ వలయాన్ని (సమూహ మూలకాలకు పూర్ణాంక గుణకాలు పెట్టి కూడితే వచ్చే వలయాన్ని) సిగ్మాతో (మూలకాలన్నిటి మొత్తంతో) భాగించగా వచ్చే మాడ్యూలే అయితే, ఒక్క 3-సెల్ కక్ష్యతో పూడిపోతుంది. మిగిలేది సిగ్మా గుణిజాలు మాత్రమే, అదే గోళపు మూడో హోమాలజీ. అసలు చిక్కు ఆ "అయితే" దగ్గరే. సాధారణంగా ప్రొజెక్టివ్ మాడ్యూల్ (ఫ్రీ మాడ్యూల్‌లోంచి విడదీయగల భాగం) వస్తుందనే హామీ ఉంది, అది ఫ్రీ (ఆధారం ఉన్నది) అవుతుందని లేదు. ఎస్₃ విషయంలో ప్రొజెక్టివ్ క్లాస్ గ్రూప్ (ప్రొజెక్టివ్‌లు ఫ్రీకి ఎంత దూరమో కొలిచే సమూహం) సున్నా కనుక గండం గడుస్తుంది. ఎనిమిది మూలకాల క్వాటర్నియన్ సమూహానికి కె-ఇన్వేరియంట్ (ఏ గోళతుల్య కాంప్లెక్స్ అన్నది గుర్తించే సంఖ్య) 1 అయితే ఇబ్బంది లేదు. 3 పెడితే, 3, సిగ్మా కలిసి పుట్టించే ఐడియల్ ఫ్రీ కాదు, పరిమిత కాంప్లెక్స్ రాదు. అలాంటిచోట (సమూహపు కోహోమాలజీ మళ్లీ మళ్లీ అదే వచ్చే) కాలావధిని పెంచి, అంటే గోళం కొలత పెంచి, అడ్డంకిని తొలగించడం స్వాన్ పద్ధతి.

ప్రశ్న: ఎస్₅కీ ఇలాగే చేయొచ్చా?

జవాబు: స్వేచ్ఛగా కుదరదు. అందులో రెండేసి మూలకాల చక్రీయ సమూహాలు రెంటి లబ్ధం ఉంది, స్మిత్ 1944లోనే దాన్ని తోసిపుచ్చారు. స్థిరబిందువులను అనుమతిస్తే దారి ఉంది. ఒకే చైన్ కాంప్లెక్స్ బదులు ఆర్బిట్ కేటగిరీ మీద పనిచేయాలి: అనుమతించిన ప్రతి ఉపసమూహానికీ దాని స్థిరబిందువుల కాంప్లెక్స్, వాటి మధ్య ప్రమేయాలు. ఒక్కో ప్రధాన సంఖ్యకూ విడిగా కట్టి, అతికించి, చివర పరిమితత అడ్డంకిని చూడాలి. హాంబల్టన్, పాముక్, యాల్చిన్ ఈ దారిలోనే ఎస్₅కి చక్రీయ ఐసోట్రోపీతో (ఏ బిందువు తీసుకున్నా దాన్ని కదపని ఉపసమూహం చక్రీయంగా ఉండేలా) గోళతుల్యమైన పరిమిత కాంప్లెక్స్ కట్టారు.