చెవికి అప్పగించి చేతులు దులుపుకుంటే సరిపోదు

తెర మీది అక్షరాలన్నీ స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుండగా, చూపులేనివారి కోసం శబ్దంతో, స్పర్శతో కంప్యూటర్ వాడే పద్ధతుల మీద ఇంకా పరిశోధనలు దేనికని ఒకరు అడిగారు. ఇరవై ఏళ్లుగా తెర చూడకుండానే కంప్యూటర్ మీద పనిచేస్తున్నవాడిని. చదివి వినిపించడం వేరు, చూపించడం వేరు. స్క్రీన్ రీడర్ చేసేది మొదటి పని మాత్రమే.

ఒక పట్టికలో ఇరవై నాలుగు అంకెలు ఉన్నాయనుకోండి. మీరు అలా ఒకసారి కన్ను వేస్తారు, ఎక్కడో విలువ పడిపోయిందని తెలిసిపోతుంది. నాకు అంకె తర్వాత అంకె వినబడుతుంది. పదహారోది వచ్చేసరికి మూడోది మరిచిపోతాను. మళ్లీ మొదటికి.

కొన్నేళ్ల క్రితం ఒక పరిశోధక విద్యార్థిని తన ప్రయోగంలో పాల్గొనమని పిలిచారు. గ్రాఫును శబ్దంగా మార్చడం ఆమె పని. విలువ పెరిగితే స్వరం ఎక్కుతుంది, తగ్గితే దిగుతుంది. గీత ఎడమ కొసన మొదలవుతుంది కనుక శబ్దమూ ఎడమ చెవిలో మొదలై మెల్లగా కుడి చెవికి చేరుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. మొత్తం మూడు సెకన్లు. సన్నగా ఎక్కుతూ వచ్చిన స్వరం ఒక్కసారిగా గోతిలో కాలు పడ్డట్టు దిగి, మళ్లీ లేచింది. పట్టికంతా మూడు సెకన్లలో! ఇన్నాళ్లూ నాకు దక్కనిది ఇదే కదా అనిపించింది.

“ఆ గొయ్యి ఎక్కడుందో బల్ల మీద చూపించండి” అన్నారామె. ధీమాగా ఎడమ పక్కన వేలు పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. కీబోర్డు మీద ఒక్క మీట నొక్కిన చప్పుడు వినిపించింది, అంతే. తర్వాత అదే గ్రాఫును కాగితం మీద ఇచ్చారు. వేడి తగిలితే నల్లగీతలు ఉబ్బి వేలికి అందే రకం కాగితం. ఎడమ కొస నుంచి చూపుడువేలు పోనిచ్చాను. గీత ఎక్కుతూనే ఉంది. గొయ్యి రాదే! కుడి కొసకు రెండంగుళాల ఇవతల వేలు జారి కిందికి దిగింది.

కాగితం తిరగేసి ఇచ్చారని వాదనకు దిగాను. దిక్కు తెలియడానికి పైన ఒక మూల కత్తిరించి ఉంది, అది సరిగ్గానే ఉంది. కాసేపటికి తేలిందేమిటంటే, తిరగబడింది నా తల మీది హెడ్‌ఫోన్. శబ్దం కుడి నుంచి ఎడమకు పోతున్నా నాకు అనుమానం రాలేదు. ఈ గ్రాఫు అటునుంచే మొదలవుతుంది కాబోలు అనుకున్నాను. చెవి చేసిన పొరపాటును వేలు పట్టుకుంది. ఆ కాగితం లేకపోతే ఆ తప్పు నా లెక్కలోనే పడేది.

ఈ ఆలోచనలు నిన్న మొన్నటివి కావు. విలియం గేవర్ అనే పరిశోధకుడు 1980లలో ఆపిల్ కంప్యూటర్ కోసం చేసిన ప్రోగ్రాం సోనిక్‌ఫైండర్‌లో ఫైలు కాపీ అవుతుంటే నీళ్లు పోస్తున్న చప్పుడు వచ్చేది. బిందె నిండుతున్నకొద్దీ చప్పుడు మారుతుంది కదా, పని ఎంతవరకు వచ్చిందో ఇంకెవరూ నోటితో చెప్పనక్కర్లేదు. టి.వి. రామన్ స్వయంగా చూపులేనివారు. 1994లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో తన పిహెచ్.డి. కోసం గణితాన్ని వినిపించే ఆస్టర్ తయారుచేశారు. “ఎక్స్ పవర్ ఎన్ ప్లస్ ఒకటి” అని మామూలు గొంతుతో చదివితే ఆ ఒకటి ఘాతాంకంలో ఉందో, బయట ఉందో ఎవరికి తెలుస్తుంది? ఘాతాంకం వచ్చినప్పుడు గొంతు స్థాయి పెంచితే ఆ గొడవే లేదు. స్పర్శ సంగతికొస్తే, జాన్ లిన్‌విల్ చూపులేని తన కూతురి కోసం మొదలుపెట్టిన ఆప్టకాన్ అనే పరికరం 1970లలోనే వచ్చింది. 144 సన్నటి సూదులు ఒక్క వేలి కింద కంపిస్తూ అచ్చు అక్షరం ఆకారాన్నే అందించేవి.

ఇక టచ్ ఫోన్ల మాట. మీటలు లేని గాజుపలక మాకు మూసిన తలుపే అని చాలామంది తేల్చేశారు. వేలు జరుపుతుంటే కింద ఉన్నది చెప్పడం, ఎంచుకోవడానికి ఇంకో వేలితో తట్టడం అనే పద్ధతిని 2008లో స్లైడ్ రూల్ అనే పరిశోధన చూపించింది. 2009లో ఐఫోన్ 3జిఎస్, దాని సొంత స్క్రీన్ రీడర్ అయిన వాయిస్‌ఓవర్‌తో వచ్చింది. పరిశోధనలు దేనికి అని అడిగేవారు ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

అలాగని పరిశోధకులందరినీ నెత్తిన పెట్టుకోను. చూపున్న విద్యార్థుల కళ్లకు గంతలు కట్టి పరీక్షించి, చూపులేనివారికి పనికొస్తుందని రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. గంతలు కట్టిన పది నిమిషాలకే నా ఇరవై ఏళ్ల అలవాటు వాళ్లకు వచ్చేస్తుందా? పత్రం అచ్చయ్యాక పరికరం అటకెక్కడం ఇంకో జబ్బు. మరోవైపు ఈ పరిశోధనలేవీ అక్కరలేని పనులూ జరగవు. నిన్న ఒక యాప్ తెరిస్తే “బటన్, బటన్, బటన్” అని వరసగా పదకొండు సార్లు వినిపించింది. తొమ్మిదోది నొక్కితే నేను రాసిందంతా చెరిగిపోయింది. బటన్‌కు పేరు పెట్టడానికి ఏ ప్రయోగశాల కావాలి?

ఆ విద్యార్థిని మాత్రం నా జవాబును తప్పుల లెక్కలోంచి తీసేశారు. ప్రయోగం మొదట్లో ఎడమ చెవిలో “ఎడమ”, కుడి చెవిలో “కుడి” అని వినిపించేలా మార్చారు. రెండోసారి వెళ్లినప్పుడు హెడ్‌ఫోన్ అందుకుంటే ఎడమ చెవి దిమ్మ మీద చిన్న జిగురు బొడిపె తగిలింది. ఇంటికి రాగానే నా హెడ్‌ఫోన్‌కూ ఒకటి అంటించుకున్నాను.