చింతూరు కొండలకి సేవకి వెళ్తున్న దానియేలుకి

ప్రియమైన దానియేలుకి, ప్రభువు నామంలో నీ మేనత్త దీవెనలు.

ఉద్యోగం మానేసి చింతూరు అవతల కోయ గూడేల్లో ఉండటానికి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. నాకు ముందు కళ్ళు చెమర్చాయి, ఆ తర్వాత భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

నీళ్ళు కాచుకుని తాగు. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకు. మీ మామయ్యకి మలేరియా మెదడుకెక్కినప్పుడు నన్నే గుర్తుపట్టలేదు. చలిజ్వరం అనిపించగానే ఆశా కార్యకర్త దగ్గరికెళ్ళి రక్తపరీక్ష చేయించుకో. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

జూలై, ఆగస్టుల్లో కూనవరం వైపు వెళ్ళకు. శబరి గోదావరిలో కలిసేది అక్కడే, గోదావరి పోటెత్తితే శబరి వెనక్కి తన్ని ఊళ్ళ మీదికొస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. పడవవాడు ఎంత ధైర్యం చెప్పినా ఎక్కకు.

స్థలం కొని మందిరం కడదామని ఎవరైనా ఉత్సాహపెడితే ఒప్పుకోకు. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు భూమి కొనకూడదు. గిరిజనుడి పేరు మీద కొందామనేవాళ్ళ మాట అసలు వినకు.

ఇక అసలు సంగతి. నేను నర్సుగా తిరిగే రోజుల్లో మా గుంపులో ఒక కుర్రవాడు ఉండేవాడు. చదువుకున్నవాడు, ఆత్మల భారం, అంటే నలుగురినీ ప్రభువు దగ్గరికి నడిపించాలన్న తపన, నిజంగా ఉన్నవాడు. ఒక గూడెంలో రెండు కుటుంబాలు ప్రార్థనకి రావడం మొదలుపెట్టాయి. భూమి పండుగ దగ్గరపడింది. ఆ గూడెంలో ప్రతి ఇంటివాళ్ళూ విత్తనాలు తెచ్చి పూజారి ముందు కలుపుతారు, పూజ అయ్యాక పంచుకుని దుక్కి మొదలుపెడతారు. ఇతను ఊరి పెద్దల ముందే నిలబడి అదంతా సైతాను పని అన్నాడు. మీరు విత్తనాలు ఇవ్వొద్దని ఆ రెండు ఇళ్ళవాళ్ళకీ చెప్పాడు. వాళ్ళు ఇవ్వలేదు. ఆ ఏడాది వాళ్ళ పొలాల్లోకి సాయానికి ఒక్కరూ రాలేదు. ఊట దగ్గర నీళ్ళకి కూడా వంతు మార్చేశారు. వానలు మొదలయ్యాక ఒక ఇంట్లో ముసలమ్మ చనిపోతే పాడె మోయడానికి మనుషులు దొరకలేదు. మీ మామయ్యా, ఇంకో ఇద్దరూ బురదలో నడిచి వెళ్ళి గొయ్యి తవ్వారు. అప్పటికి ఆ కుర్రవాడు పట్నంలో ఉన్నాడు. ఆ కుటుంబాల ఫోటోలు అతని నివేదికలో అచ్చయ్యాయి.

ఆ విత్తనాల సంగతి వాళ్ళే దేవుని ముందు కూర్చుని తేల్చుకోవాల్సింది. అక్కడ బతికేది వాళ్ళు, అప్పుడప్పుడు వచ్చిపోయే మనిషి తేల్చేశాడు. తప్పు ఆ కుర్రవాడిది, శిక్ష వాళ్ళకి. ఇన్నేళ్ళయినా నాకు ఆ కోపం తగ్గలేదురా.

అజరయ్యగారి సంగతి నీకు తెలుసుకదా. 1910లో ఎడిన్‌బరో మిషనరీ సభలో తెల్లదొరల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన ఆయన మన తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆయన దొరల్ని అడిగింది ఇప్పుడు కోయవాళ్ళు మన మైదానంవాళ్ళని అడగొచ్చు. మనం కూడా అక్కడికి దొరల్లాగే వెళ్తున్నాం.

అందుకని ముందు భాష నేర్చుకో. తెలుగులో మాట్లాడితే వాళ్ళు తలూపుతారు, మనసు మాత్రం కోయలోనే విప్పుతారు. మామిడి కొత్త పండుగ కాకముందు కాయ తెంపకు, ఎంత ఆకలేసినా సరే. అంబలి పెడితే తాగు, పోడు కొట్టేటప్పుడు వాళ్ళతో పాటు చెమటోడ్చు. జబ్బు మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే దాన్ని ప్రార్థనతో ముడిపెట్టకు. యేసు గురించి వాళ్ళడిగితే దాచకుండా చెప్పు, అందులో భయపడాల్సిందేమీ లేదు. ఫోటోలు తియ్యకు.

వెళ్ళేముందు ఒక్క ప్రశ్న వేసుకో. పదేళ్ళు గడిచినా ఒక్కరూ బాప్తిస్మం తీసుకోకపోతే, అప్పుడు కూడా వాళ్ళ ఇంటి గడప తొక్కుతావా? జవాబు తడబడితే ఆగిపో నాన్నా, ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది. తడబడకపోతే నిన్ను ఆపే హక్కు నాకూ లేదు, మీ నాన్నకీ లేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక భద్రాచలం రా. నాతో కలిసి పనిచేసిన ఒక కోయ అక్క ఉంది, ఆమె పుట్టిల్లు నువ్వు వెళ్తున్న గూడేల దగ్గరే. ఆమెతో మాట్లాడిస్తాను. ఇప్పుడే వద్దు అని ఆమె అంటే, బయల్దేరకు.

నీ అత్త