యకుషిమా వెళ్లేముందు

చి. సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రయాణ పట్టిక చూశాను. యకుషిమా దీవిలో ఉండేది మూడు రోజులు, మొదటి రోజే జోమోన్ సుగి అనే పురాతన దేవదారు చెట్టు దాకా నడక! ముందు అది మార్చు.

ఆ దీవిలో నెలకు 35 రోజులు వాన పడుతుందని జపాన్‌లో ఒక నానుడి. సముద్రం మీది తేమగాలి నేరుగా 1,936 మీటర్ల మియానౌరా కొండలకు తగులుతుంది, ఇక వాన కురవక ఏం చేస్తుంది? తీరంలోనే ఏడాదికి 4,000 మిల్లీమీటర్లు దాటుతుంది. సముద్రం పోటెత్తితే కగోషిమా నుంచి వచ్చే పడవలు కూడా ఆగిపోతాయి. అందుకే తిరుగు ప్రయాణానికి, విమానానికి మధ్య ఒక రోజు ఖాళీగా ఉంచు. గొడుగు ఆ అడవిలో దండగ. కోటు, ప్యాంటు విడివిడిగా ఉండే వానదుస్తులు కావాలి, అక్కడే అద్దెకిస్తారు.

ఇక ఆ చెట్టు సంగతి. రానూపోనూ 22 కిలోమీటర్లు, దాదాపు పది గంటలు. మార్చి నుంచి నవంబరు దాకా సొంత వాహనాలను నడక మొదలయ్యే అరకావా దాకా వెళ్లనివ్వరు, తెల్లవారుజామున బస్సెక్కాలి. చాలా దూరం పాత కలప రైలుపట్టాల మీద నడక, ఆపైన నిట్టనిలువు మెట్లు. తీరా వెళ్లాక వేర్లు తొక్కకుండా కట్టిన చెక్క వేదిక మీద నిలబడి దూరం నుంచే దర్శనం. వయసు రెండువేల పైచిలుకని ఒకరు, ఏడువేలు దాటిందని ఇంకొకరు అంటారు. లోపల బోలు కాబట్టి తేలదు. దారిలో మరుగుదొడ్లు తక్కువ. మలమూత్ర విసర్జనకు వాడే కిట్టు సంచి కొనుక్కో, వాడాక కిందికి తెచ్చుకోవాలి.

నన్నడిగితే షిరతాని ఉన్సుయిక్యో లోయ చాలు. మూడు నాలుగు గంటల్లో నాచు పట్టిన రాళ్లు, వాగులు, పాత దేవదారులు అన్నీ చూడొచ్చు. ఆ చెట్ల వంకరలు గమనించు. జపాన్‌లో ‘ఎదో’ అనే పాలనాకాలంలో (1603–1868) ఇంటికప్పు చెక్క పెంకుల కోసం నిటారు చెట్లనే నరికారు, పనికిరావనుకున్నవి మిగిలాయి. మీ అత్తగారు కూడా వస్తున్నారుగా, ఆవిడకు కిగెన్ సుగి అనే చెట్టు చూపించు. మూడువేల ఏళ్లదంటారు, రోడ్డు పక్కనే ఉంటుంది.

పడమటి అడవి దారికి మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించు. ఒకే కారు పట్టే సన్నటి రోడ్డు. కోతులు రోడ్డు నడుమ కూర్చుని ఒకదానికొకటి పేలు చూసుకుంటాయి, హారన్ కొట్టకుండా ఆగాల్సిందే. పైన కోతులు కాయలు తుంచి పడేస్తుంటే కింద పొట్టి జింకలు వాటి కోసం కాచుకుని ఉంటాయి. ఎంత ముద్దొచ్చినా ఏమీ పెట్టకు. గేటు సాయంత్రం మూసేస్తారు, పగలే వెళ్లిరండి.

మీరు వెళ్లేది మే ఆఖరున కదా, నగతా తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం. చీకటి పడ్డాక సొంతంగా ఇసుకలోకి దిగకండి, టార్చి వెయ్యకండి.

శాకాహారం దొరుకుతుందా అన్న నీ బెంగ న్యాయమే. కూరగాయల సూపని ఇచ్చినదాంట్లోనూ ఎండు చేప రసం ఉంటుంది. బస ఖాయం చేసుకునేటప్పుడే చెప్పు. నడక రోజుకు పుల్లటి ఉమే పండు పెట్టిన అన్నపు ముద్దలు ముందురోజే చెప్పి ఉంచుకో, పచ్చడి పొడులు ఎలాగూ మీ పెద్దమ్మ పంపిస్తుంది.

మార్చిన పట్టిక పంపు.

మీ పెదనాన్న