తాళం తప్పారా, తప్పించారా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఉంటున్న విశ్రాంత ఉద్యోగిని. చాలా ఏళ్లుగా భజన గోష్ఠుల్లో, చిన్న కచేరీల్లో మృదంగం వాయిస్తున్నాను. కద్రి గోపాల్‌నాథ్ గారి సాక్సఫోన్ అంటే నాకు ప్రాణమని తెలిసి మా మనవడు, ఆర్కే బీచ్‌లో కూర్చున్నప్పుడు, ‘ఆర్ట్ ఎన్‌సెంబుల్ ఆఫ్ షికాగో’ అనే అమెరికా జాజ్ బృందం వారి ‘లే స్టాన్స్ ఆ సోఫీ’ ఆల్బమ్‌ను ఫోన్‌లో వినిపించాడు. మొదటి పాట ఎత్తుగడ బాగానే ఉంది గాని, కాసేపటికి సాక్సఫోన్లు కీచుమంటూ ఎవరి దారిన అవి పోయాయి. వీరు తాళం తప్పారా, కావాలనే అలా వాయించారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కావాలనే వాయించారు. అయితే ఆ సంగతి తేల్చుకోవడానికి మీరు వినవలసింది సాక్సఫోన్లను కాదు, మంద్రస్వరాలు పలికే తీగవాద్యమైన బేస్‌ను. తొమ్మిది నిమిషాల ఆ మొదటి పాట ‘థీమ్ ద యోయో’లో మలాకై ఫేవర్స్ బేస్ మీద ఒక చిన్న వరుసను పట్టుకొని దానినే తిప్పి తిప్పి వాయిస్తుండగా, డాన్ మోయ్ డ్రమ్స్ దానిని అంటిపెట్టుకొని నడుస్తాయి. లెస్టర్ బౌయీ ట్రంపెట్, రాస్కో మిచెల్, జోసెఫ్ జార్మన్‌ల సాక్సఫోన్లు పల్లవి వంటి వరుసను కలిసికట్టుగా పలికి, ఆ తరువాత విడిపోయి, మళ్లీ ఆ వరుస దగ్గరకే వచ్చి కలుసుకుంటాయి. మీరు తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒంటరిగా మోగే ఘట్టంలో, ముగింపుగా వాయించే ముక్తాయింపు లెక్క ప్రకారం ఎత్తుగడ మీద వచ్చి వాలుతుంది. ఇక్కడ ఆ లెక్క గాని, రాగపు కట్టుబాటు గాని ఉండదు. గోపాల్‌నాథ్ గారి వాద్యంలోని గమకాన్ని ఇందులో వెతకకండి.

ఇక ఆ కీచుధ్వని. సాక్సఫోన్ నోటి దగ్గర ఉండే పలుచని బద్దను, అంటే రీడ్‌ను, పెదవితో బిగించి ఊపిరిని జోరుగా వదిలితే స్వరం పగిలి పై స్థాయికి ఎగురుతుంది. కొత్తగా నేర్చుకొనేవారికి అది పొరపాటున వస్తుంది, వీరికి పిలిచినప్పుడు వస్తుంది.

మృదంగం వాయించేవారు కనుక మీకు ఒక విషయం చెప్పాలి. 1965లో షికాగోలో సంగీతకారులు తమ కోసం తాము ఏర్పరచుకొన్న ఏఏసీఎం అనే సంఘం నుంచి వచ్చిన ఈ బృందం 1969లో పారిస్ చేరినప్పుడు వారితో డ్రమ్మర్ లేడు. ఉన్న నలుగురే డప్పులు, గంటలు, ఈలలు పంచుకొని, తమ వాద్యం పక్కన పెట్టి వాటిని అందుకొనేవారు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు చూసినవారికి ఇది వింతగా తోచదు. అక్కడ రొమ్ముకు తప్పెట కట్టుకొన్న మనిషే పాడతాడు, ఆడతాడు, కాలి గజ్జెలతో నడకా చూపిస్తాడు. మోయ్ వారికి పారిస్‌లోనే కలిశాడు. ఆ తరువాత 1970 జూలైలో రికార్డు చేసిన ఈ ఆల్బమ్‌లో తాళం అంత గట్టిగా నిలబడిందంటే కారణం ఆయనే అని నా అభిప్రాయం.

మోషే మిజ్రాహీ తీసిన అదే పేరు గల ఫ్రెంచి చిత్రం కోసం చేసిన సంగీతమిది. పాడిన ఆమె బౌయీ భార్య ఫాంటెల్లా బాస్. 1965లో ‘రెస్క్యూ మీ’ పాటతో అమెరికా అంతటా పేరు పొందిన గాయని అటువంటి గాలివాన మధ్య తొణకకుండా పాడడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇదే ఆల్బమ్‌లో ఇటలీ స్వరకర్త మాంటెవెర్డి బాణీ మీద రెండు చిన్న రచనలు కూడా ఉన్నాయి. ఆయన 1643లో మరణించాడు! ఈ రెండింటినీ ముందు విని, యోయోకు తరువాత రండి.

ఇంతకీ మీరు విన్న చోటే అసలు చిక్కు. ఫోన్ స్పీకర్‌లో బేస్ దాదాపు వినపడదు, ఆ మిగిలిన కాస్తా కెరటాల హోరులో కలిసిపోతుంది. మీ చెవికి చేరినవి సాక్సఫోన్ల కేకలు మాత్రమే. మనవడి హెడ్‌ఫోన్లు అడిగి తీసుకొని, ఇంట్లో తలుపు వేసుకొని, తొడ మీద చేత్తో తాళం వేస్తూ ఆ పాటను మళ్లీ వినండి.