ఖాళీ గంపలో పొదుగు పెట్ట

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. మా నాటు పెట్ట 18 రోజులుగా గంపలోంచి లేవడం లేదు. కింద ఒక్క గుడ్డూ లేదు. చెయ్యి పెడితే ఒళ్లంతా ఉబ్బించి పొడుస్తోంది. రోజుకొక్కసారి లేచి పిడికెడు రెట్ట వేస్తుంది, కంపు భరించలేం. బాగా చిక్కింది, తురాయి పాలిపోయింది. ముక్కులో ఈక గుచ్చితే దారికొస్తుందని మా అత్తమ్మ అంటోంది. గుచ్చమంటారా?

జవాబు: వద్దమ్మా. మా అమ్మ కూడా ఈక గుచ్చేది. పాపం ఆ పెట్ట తల విదిలించుకుంటూ వాకిలంతా తిరిగి, చీకటి పడేసరికి మళ్లీ గంపలోనే ఉండేది.

రెట్ట సంగతికి భయపడకండి. పొదుగు మీదున్న పెట్ట గూడు పాడుచేసుకోదు. రోజంతా బిగబట్టి, లేచినప్పుడు ఒక్కసారే వేస్తుంది. గుడ్లుంటే 21 రోజులకు పిల్లలొచ్చి పొదుగు తీరేది. ఖాళీ గంపలో తీరేదెప్పుడు? దాని పొట్ట కింద వేడి తగ్గించాలి. అడుగున ఇనప జాలీ ఉన్న పెట్టెను నాలుగు ఇటుకల మీద, నీడ పట్టున పెట్టి అందులో వదలండి. గడ్డి వేయొద్దు, కింద నుంచి గాలి ఆడాలి. నూకలు, నీళ్లు ముందే ఉంచండి. మూడు నాలుగు రోజులకు విడిచి చూడండి. మళ్లీ గంపకే పోతే ఇంకో రెండు రోజులు పెట్టండి. గుడ్డు కోసం మాత్రం తొందరపడకండి, రెండు మూడు వారాలు పడుతుంది.

ఇప్పుడు గుడ్లు పెట్టి పొదిగిద్దామని మాత్రం అనుకోవద్దు. ఇంత చిక్కిన పెట్టను మరో 21 రోజులు కూర్చోబెట్టడం తగదు. కండ పట్టాక, వచ్చే పొదుగుకు వారంలోపు గుడ్లు పదో పన్నెండో రాత్రిపూట పెట్టండి.

నాకు అనుమానమల్లా ఆ పాలిపోయిన తురాయి మీదే. పొదుగులో రంగు కొంత తగ్గుతుంది, నిజమే. కానీ రాత్రి టార్చి వేసి, తోక కింద ఈకలు విప్పి చూడండి. ఈక మొదట్లో తెల్లటి గుడ్లు గుత్తుగా అంటుకుని ఉంటే పేలు పట్టినట్టే. పగలు గంప సందుల్లో దాక్కుని రాత్రి రక్తం తాగే సన్న పురుగులు వేరే ఉంటాయి. గంపలో గడ్డి కాల్చేసి, గంప మీద సలసల మరిగే నీళ్లు పోసి ఎండలో పడేయండి. కోళ్లు పొర్లడానికి ఓ మూల బూడిద, పొడి మట్టి కలిపి పోయండి. పత్తికి కొట్టే మందు జోలికి పోకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకింట్లో ఆ మందు గంపకు పూశారు, నన్ను పిలిచేసరికి ఏడు కోళ్లు చచ్చి పడున్నాయి.

ప్రశ్న: కోడి పచ్చగా పారుతూ మెడ వెనక్కి మెలితిప్పుతోంది. మందేమిటి?

జవాబు: కొక్కెర తెగులులా ఉంది. దానికి మందు లేదు. ఆ కోడిని ఈ పూటే వేరు చేసి, పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. చనిపోతే సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి, చెరువులో వేయకండి. ఇకపై ఈ తెగులు రాకుండా కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో లసోటా టీకా చుక్క, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద ఆర్‌2బి టీకా వేయించండి. టీకా సీసా ఐస్ మీదే తేవాలి. జేబులో వేసుకుని ఎండలో తెచ్చిన టీకా నీళ్లతో సమానం.